దినాల బియ్యం

నా చిన్నప్పుడు మా వాడలో సముద్రాన్ని చూసినవాళ్లు పక్కింటివాళ్లు తప్ప ఇంకెవరూ లేరు. మేమంతా నల్గొండ పల్లెల నుంచి బతకడానికి వచ్చినవాళ్లం. మాకు తెలిసిన పెద్ద నీళ్లంటే సరూర్‌నగర్ చెరువే. ఎండాకాలం వస్తే అది కూడా బురద తేలి బర్రెలకు మాత్రమే పనికొచ్చేది. దిల్‌సుఖ్‌నగర్ అంటే ఇప్పటివాళ్లకు బట్టల దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, తల మీద పోయే మెట్రో రైలు. అప్పుడు బెజవాడ రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్షతోటలుండేవి. మా బాపు ఆ తోటల నుంచి ఎడ్లబండి మీద పండ్లు మండీకి తోలేవాడు. ఈ మాట చెబితే నేను కోతలు కోస్తున్నానని మా మనవలు నవ్వుతారు. నవ్వనీ.

పక్కింటి పిన్నిగారిది సముద్రం ఒడ్డు పల్లె. ఆమె భర్త సర్కారు ఆఫీసులో గుమాస్తా. 'పిన్నిగారూ' అని పిలవడం నాకు ఆమే నేర్పింది. మా ఇళ్లలో ఎవరికీ 'గారు' తగిలించే అలవాటు లేదు కాబట్టి ఆ పిలుపు నాకు గమ్మత్తుగా ఉండేది, పని లేకపోయినా పోయి పిలిచి వచ్చేదాన్ని.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని పిల్లలు బడులూ కాలేజీలూ విడిచి రోడ్ల మీదికొచ్చారు. మా చిన్నాయనా వాళ్లలో ఒకడు. ఆయన మా నాయనమ్మకు కడగొట్టు కొడుకు, మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. ఒకరోజు ఊరేగింపుకు పోయినవాడు నడిచి తిరిగి రాలేదు. పోలీసు తూటా మెడ కింద తగిలిందన్నారు. మా బాపు తన బండి కట్టుకుని దవాఖానకు పోయి, తమ్ముణ్ణి తన ఎడ్లతోనే ఇంటికి తెచ్చుకున్నాడు. అంతకంటే ఆ రోజు గురించి రాయడం నా వల్ల కాదు.

పక్కింటివాళ్లు ఆ రోజు తలుపు తీయలేదు. తీస్తే ఏమయ్యేదో కూడా చెప్పలేను. ఆంధ్ర నుంచి వచ్చి మన నౌకరీలు మనకు కాకుండా చేసినవాళ్లని వాడంతా వాళ్ల మీద మండిపడుతోంది. ఎవరో విసిరిన రాళ్లకు వాళ్ల ఇంటి పెంకులు అప్పటికే పగిలి ఉన్నాయి. నాకు కూడా ఆ ఇల్లంటే కోపం వచ్చింది. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పగలిగేదాన్ని కాదు, ఇంట్లో పెద్దవాళ్లు ఏడుస్తున్నారు, నాకు ఎవరో ఒకరి మీద కోపం కావాలి.

చిన్నాయన దినాలు ఇంకా కాకముందే, అటు కోస్తాలో తుఫాను వచ్చిందని, ఉప్పెన ఊళ్లను ముంచేసిందని ఇరానీ హోటల్ రేడియోలో విని బాపు ఇంటికొచ్చి చెప్పాడు. ఉప్పెన అనే మాట నాకు కొత్త. ఉప్పు వాన కురిసిందేమో అనుకున్నాను. కాదు, సముద్రమే లేచి ఊరి మీదికి నడిచొస్తుందని బాపు అంటే నమ్మలేదు. చెరువు ఎప్పుడైనా లేచి నడుస్తుందా?

మర్నాడు పొద్దెక్కాక పిన్నిగారు బయటికొచ్చింది. చేతిలో గోనెసంచి. ఊరు మునిగిపోయిందని, బతికినవాళ్లకు తిండి లేదని, చేతనైంది ఇవ్వండని ఒక్కో ఇంటి ముందూ నిలబడి అడుగుతోంది. బెజవాడ వైపు పోయే లారీ కోసం ఆమె భర్త తిరుగుతున్నాడు. మా చిన్నాయన దోస్తు ఒకడు వాడ మొగదలలో కూర్చుని ఉన్నాడు. ఊరేగింపులో చిన్నాయన పక్కనే నడిచినవాడు. అతని చూపుకు భయపడో, సొంత కోపంతోనో, అందరూ లేదు పొమ్మన్నారు. ఒకామె తలుపు వేసుకుంటూ, మా బియ్యం కూడా కావాల్నా అని లోపలి నుంచి అనడం నాకు వినిపించింది. ఖాళీ సంచితోనే పిన్నిగారు మా ఇంటి దాకా వచ్చి, తల వంచుకుని, మా గుమ్మం దాటి ముందుకు పోయింది.

అరుగు మీద కూర్చున్న మా నాయనమ్మ అది చూసింది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదు. మా నాయనమ్మకు దేన్నయినా మింగవచ్చు గానీ, లెక్కలోకి తీసుకోకపోవడాన్ని మాత్రం మింగడం రాదు.

"ఓ బిడ్డా, జర ఆగు. అందరిండ్లు అడిగినవ్. మా ఇల్లు కనవడలేదా?"

పిన్నిగారు ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

"మైలిల్లని దాటిపోతున్నవా? మా గింజ ముట్టొద్దనా?"

చావు జరిగిన ఇంట్లో దినాలు అయ్యేదాకా బయటివాళ్లు మంచినీళ్లు కూడా ముట్టరు. నాయనమ్మ అనుకున్నది అదీ.

"అయ్యో, అది కాదు మామ్మగారూ. కొడుకుని పోగొట్టుకుని కూర్చున్నారు. మిమ్మల్ని ఏ మొహం పెట్టుకుని అడగను?" అని పిన్నిగారు ఇటు తిరిగింది. తర్వాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "మాకూ మైలేనండీ. పొద్దున టెలిగ్రాం వచ్చింది. మా అమ్మ కొట్టుకుపోయిందట. తమ్ముడొక్కడే తాటిచెట్టు పట్టుకుని బతికాడు. చెబితే ఎవరూ గుమ్మం దగ్గరికి రానివ్వరని చెప్పలేదు."

తల్లి పోయిన కబురు కొంగున కట్టుకుని ఆమె అన్ని ఇళ్ల ముందూ నిలబడి, అన్ని మాటలు పడింది. ఇంతకాలమైనా అది తలుచుకుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

నాయనమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లు తెప్పించి ఇచ్చింది. పిన్నిగారు తాగింది. మైల ఇంటి నీళ్లు మైల మనిషి తాగితే ఎవరికి ఏం అంటుకుంటుంది? అసలు మైల పంచుకునేది దాయాదులే కదా. ఆ పూట నుంచి మా నాయనమ్మ లెక్కలో ఆమె దాయాది అయిపోయింది. లోకం లెక్క మా నాయనమ్మ ఎప్పుడు అడిగింది గనుక.

తర్వాత ఆమె లోపలికి పోయి బియ్యం బస్తా బయటికి ఈడ్చింది. అవి చిన్నాయన దినాల కోసం పల్లె నుంచి మావాళ్లు పంపిన బియ్యం. ఆ రోజుల్లో మా ఇంట్లో రోజూ జొన్నగట్కే. తెల్లన్నం పండగకో, చావుకో. దినం నాడు వచ్చినవాళ్లంతా కడుపునిండా తిని లేస్తేనే పోయినవాడు నెమ్మదిగా పోతాడని మా నాయనమ్మ నమ్మకం. కొడుక్కు ఆమె చేయగలిగింది ఇంక అదొక్కటే మిగిలింది. బాపు అడ్డం వచ్చాడు.

"అమ్మా, దినం నాడు వచ్చినోళ్లకు ఏం పెడ్తం?"

"వచ్చినోళ్లకు వాళ్ల ఇండ్లల్ల అన్నముంది. ఇండ్లే లేనోళ్లకు పెడ్త నేను నా కొడుకు దినం."

బాపు పక్కకు జరిగాడు. బస్తా తనే ఎత్తి వీధిలో దించాడు. మైలలో ఉన్న ఆడవాళ్లు ఇంకొకరి గడప తొక్కకూడదు గనుక, నాయనమ్మ వీధి నడిమధ్యన దుప్పటి పరిచి, దాని పక్కన తను కూర్చుని, పిన్నిగారినీ కూర్చోబెట్టింది. నన్నూ రమ్మంది. రోహిణి కార్తె ఎండ. నేల కాలుతోంది. తలుపుల సందుల్లోంచి అందరూ చూస్తున్నారు గానీ ఒక్కరూ బయటికి రావడం లేదు.

వచ్చింది చిన్నాయన దోస్తే. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గీళ్ల కోసం ఎండల కూసుంటవా అవ్వా? మనోడు ఎవలి వల్ల పోయిండు?"

"తుపాకి పేల్చింది ఈ పిల్ల తల్లా? ఆమె సముద్రంల కొట్టుకపోయింది," అంది నాయనమ్మ, వాడంతా వినేటట్టు. "ఇయ్యకుంటే ఇయ్యకు కొడుకా. నిలబడేటట్టయితే జర ఇటు జరిగి నిలబడు. మాకు నీడన్న పడ్తది."

నాకు నవ్వొచ్చింది. ఆ వేళలో నవ్వినందుకు సిగ్గు కూడా వేసింది. అతను పోతాడనుకున్నాను. పోలేదు. కాసేపు పళ్లు కొరుకుతూ నిలబడి, తర్వాత నిజంగానే అటు జరిగాడు. అతని నీడ నాయనమ్మ మీద, పిన్నిగారి మీద పడింది. ఏమీ ఇవ్వలేదు, అక్కడి నుంచి కదలనూ లేదు. అతను నిలబడడం చూశాక మొదటి తలుపు తెరుచుకుంది. ఇందాక మాట అన్నామే చేటలో జొన్నలు తెచ్చి, పిన్నిగారి మొహం చూడకుండా దుప్పటి మీద పోసి పోయింది. ఆ తర్వాత ఇంకొకరు. చింతపండు, పాత చీరలు, ఒక ఇత్తడి గిన్నె. గొప్పగా పోగుపడిందని చెప్పను. పేదవాళ్ల వాడ, పైగా మనసొప్పక ఇచ్చినవి. లారీ దొరికాక రోడ్డు మీద ఉద్యమం పిల్లలు ఆపకుండా చిన్నాయన దోస్తే డ్రైవరు పక్కన ఎక్కి, నల్గొండ జిల్లా దాటేదాకా పోయి, ఏదో బస్సు పట్టుకుని తిరిగొచ్చాడు. పిన్నిగారూ ఆమె భర్తా ఆ బస్తాల మధ్యనే కూర్చుని పోయారు.

దినం నాడు మా ఇంట్లో జొన్నగట్క వండారు. పల్లె నుంచి వచ్చిన చుట్టాలు విస్తళ్ల ముందు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కాలేజీ చదువు చదివిన పిల్లగాడికి ఇదా దినమని కొందరు తినకుండానే లేచిపోయారు. మా నాయనమ్మ వాళ్లను ఆపలేదు. గడప దగ్గర కూర్చుని, వాళ్లు పోయిన దారినే చాలాసేపు చూసింది. ఆమె తప్పు చేసిందేమోనని ఆ రోజు నాకూ అనిపించింది, బాపుకు కూడా అనిపించే ఉంటుంది.

నెల తిరిగాక పిన్నిగారు వచ్చింది. మనిషి నల్లబడి సగమైంది. తల్లి శవం దొరకలేదట. ఇళ్లు ఎక్కడెక్కడ ఉండేవో కూడా గుర్తుపట్టలేనంతగా ఊరంతా ఇసుక మేట వేసిందట. బావుల్లో నీళ్లు ఉప్పుకషాయం. చెరువుగట్టు మీద రాళ్లు పెట్టి, పైఊరి నుంచి మోసుకొచ్చిన నీళ్లతో మా బియ్యం వండారట. ఎవరన్నం ఇది తల్లీ అని తినేవాళ్లు అడిగితే, మా పక్కింటి అబ్బాయి దినం అన్నమని ఆమె చెప్పిందట. తెలంగాణ కోసం పోయాడని కూడా చెప్పిందట. వాళ్లు ఆకుల ముందు చేతులు జోడించి, ఆ తర్వాతే తిన్నారట.

ఇదంతా వింటూ బాపు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నేను నాయనమ్మ వైపు చూశాను. ఆమె అడిగింది ఒక్కటే మాట.

"సరిపోయిందా?"

అవునని అబద్ధం చెబితే ఎంత బాగుండును అని నేను పిన్నిగారి మొహంలోకే చూస్తున్నాను.

"లేదు మామ్మగారూ," అంది పిన్నిగారు. "ఆఖర్న పక్క ఊరి నుంచి పిల్లలొచ్చారు. గంజి పోసి పంపాం. అదీ అందరికీ అందలేదు."

నాయనమ్మ గోడ పట్టుకుని లేచి, కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"అయితె నా కొడుకు దినం ఇంక కాలేదు. పా బిడ్డా," అని పిన్నిగారి చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిచింది. ఈసారి మైల లేదు గనుక ప్రతి గడపా తొక్కింది.

నేనిప్పుడు ఆమె వయసుకు వచ్చాను. ఈ చుట్టుపక్కల కాలనీల్లోకి చెరువు నీళ్లు ఎన్నిసార్లు వచ్చాయో చూశాను. జనం వస్తారు, పొట్లాలు పంచుతారు, ఫొటోలు దిగుతారు, పోతారు. నేను వాళ్లను తిట్టను. ఏదో ఒకటి ఇచ్చారు కదా. వాళ్లు పోయాక నేను ఆ బురద సందుల్లోకి మళ్లీ పోయి, ఇంటింటి ముందూ నిలబడి, సరిపోయిందా అని అడుగుతాను. అవునన్నవాళ్లు ఇంతవరకూ నాకు తగలలేదు.