మతం గడిలో హిందూ అని ఉన్న దరఖాస్తు

రిటైర్‌మెంటుకు మూడేండ్ల ముందు, ఒక జులై నెలలో, నన్ను నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తిలోని ఒక పీజీ కాలేజీకి బదిలీ చేసిండ్రు. పరీక్షల సెక్షన్ల రికార్డు అసిస్టెంటు పోస్టు. అటెండరుకు పైన, జూనియర్ అసిస్టెంటుకు కింద. దరఖాస్తులు తీసుకొని, సరిచూసి, ఇన్‌వర్డ్ రిజిస్టరుల ఎక్కించి, పై అధికారి బల్ల మీద పెట్టుడు నా పని.

నాకు అక్షరాలు ముప్పై రెండో ఏట వచ్చినయి. పదో తరగతి ఓపెన్ స్కూల్ల కట్టి పాసైన. లేటుగ చదువు నేర్చినోనికి ఒక జబ్బుంటది. కాగితం మీద ఏముంటే అదే నిజమనుకుంటడు. ఈ సంగతి ఆ జబ్బు గురించే.

ఆ ఏడు కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షలు రెండు బ్యాచులుగా పడ్డయి, బుధవారం ఒకటి, శుక్రవారం ఒకటి. నడుమ గురువారం పీర్ల పండుగ, అంటే మొహర్రం సెలవు. ప్రాక్టికలంటే రాత పరీక్ష లెక్క కాదు. బయటి ఊరి నుంచి ఎక్స్‌టర్నల్ వస్తడు, తన కండ్ల ముందట ప్రయోగం చేపిచ్చి మార్కులేస్తడు. ఆయన పోయినంక మళ్ల పెట్టేది లేదు. తప్పితే ఏడాది ఆగాలె.

చీఫ్ సూపరింటెండెంటు, అంటే పరీక్షల మొత్తం పూచీ మోసే అధికారి, కెమిస్ట్రీ చెప్పే మా సుగుణ మేడం. ముస్లిం పిల్లలు బుధవారం గూడ రోజా ఉంటరని, అడిగినోళ్లను శుక్రవారం బ్యాచుకు మార్చమన్నది. శుక్రవారం పరీక్ష పొద్దుగాల ఎనిమిదింటికే మొదలుపెట్టిచ్చింది, జుమ్మా నమాజుకు ముందే అయిపోవాలెనని. గంత దూరం ఆలోచించేటోళ్లను నా సర్వీసుల నేను తక్కువ చూసిన. ఆమె మాట మీద ఆఫీసోళ్లు నోటీసు రాసిండ్రు: ‘ముస్లిం విద్యార్థులు దరఖాస్తు చేసుకోవచ్చు.’ ఆఖరి దినం సాయంత్రం నాలుగింటి వరకు గడువు.

ఆ దినం అయిజ దిక్కు పిల్లగాడు ఆంజనేయులు వచ్చిండు. దరఖాస్తు చూసిన. మతం గడిల ‘హిందూ’ అని ఉన్నది. వాపస్ ఇచ్చిన.

“సార్, మా ఊర్ల ఊరేగింపుల పెద్దపీరును ఎత్తేది మా ఇంటోళ్లే. మా నాయిన కాలిరిగి పండుకున్నడు. ఈసారి నేనే ఎత్తాలె. బుధవారం పొద్దుగాల నుంచి ఒక్కపొద్దుండి పీర్లను నిలిపే సావిడి దాటొద్దు” అన్నడు.

“నోటీసు చదివినవా?” అన్న.

“చదివిన.”

“మరింకేంది?”

వాడు కాగితం మడిచి జేబుల పెట్టుకున్నడు. వాని ముందట రెండే దార్లు. పరీక్షకొస్తే ఊర్ల పీరు లేవదు, ఊరికి పోతే ఏడాది పోతది. వాని ముఖం చూసి గూడ నేను తరువాతి కాగితానికి చెయ్యి చాపిన.

వాని వెనుక లైన్ల నిలబడ్డ అదే క్లాసు పిల్ల రుక్సానా తన కాగితం ఇయ్యలే.

“చాచా, మీదే ఊరు?”

“బిజినేపల్లి దగ్గర.”

“మీ దిక్కు పీరు ఎవరెత్తుతరు? మా అబ్బాలు ఎత్తుతరా?”

మా ఊర్ల పీరు ఎత్తేది మా చిన్నాయిన. ఆయన ముందట రొట్టె, బెల్లం కలిపిన మలీద గిన్నె పట్టుకొని నడిచిన పోరగాన్ని నేనే. చదువు రానప్పుడు తెలిసిన సంగతి, చదువొచ్చినంక మరిచిన.

“మీ నోటీసు రాసినాయన ఎన్నడు పీర్లను చూసినట్టు లేడు” అని ఆ పిల్ల ఆంజనేయులును రెక్క పట్టి మేడం గదిలకు తోల్కపోయింది. వెనుక నేను పోయిన.

శుక్రవారానికి ఒక్కటే బల్ల మిగిలింది. ల్యాబుల పన్నెండే బల్లలు. అది వానికియ్యుండ్రి, నేను రోజాతోనే బుధవారం చేస్తనన్నది రుక్సానా. మేడం ఒప్పుకోలే. తప్పు ఆఫీసుది, భారం నీ మీద ఎందుకన్నది. తను నిలబడి పాఠం చెప్పే ముందటి బల్లను పదమూడోదిగా రాసి, ఎక్స్‌టర్నల్‌కు ఫోన్ చేసి ఒప్పిచ్చి, లిస్టు మీద సంతకం పెట్టింది.

నేను తలకాయ వంచుకొని నిలబడ్డ. ఆమె నన్ను తిట్టలే.

“సెలవు పండుగ నాడు ఇస్తరు బాలస్వామీ, పని ముందురోజు ఉంటది. ఇరవై ఏండ్ల సంది క్రిస్మస్ ముందురోజు నేను డ్యూటీ చేస్తున్న, నాకెర్కనే” అన్నది.

శుక్రవారం ఎనిమిదింటికి ముందే ఆంజనేయులు వచ్చిండు. అలాయి నిప్పుల గుండం చుట్టు తిరిగి అరికాళ్లు బొబ్బలెక్కినయి, చెప్పులు చేత పట్టుకున్నడు. టిఫిన్ డబ్బల మలీద తెచ్చిండు. పరీక్షయినంక రుక్సానా తిని, బెల్లం తక్కువైందని వంక పెట్టింది. నాకు గూడ ఒక ముద్ద పెట్టిండు. ఇద్దరు పాసైండ్రు.

సోమవారం మేడం ఆ ఫారం నాతోనే తిరిగి రాపిచ్చింది. మతం గడి తీసేసిన. దాని జాగల ‘ఏ దినం రాలేరు, ఆ దినం మీకేం పని’ అని రాసిన. రిటైరయ్యే వరకు ఆ ఫారమే నడిచింది. పిల్లలను నేను ఆ రెండు ముక్కలే అడిగిన, మూడోది అడుగలే. పండుగ ఎవరిదో గడి చూస్తే తెల్వదు, అడిగితే తెలుస్తది.