ఎస్ నొక్కే ముందు

పార్సిప్పనీ ఊళ్లో మా అపార్ట్‌మెంట్‌లో పగటిపూట నాకు తోడు ఒక్క కంప్యూటరే. మా ఆయన సోమవారం విమానమెక్కి క్లయింట్ ఊరికి వెళ్తే మళ్లీ గురువారం సాయంత్రమే రావడం. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. కారు నడపడం రాదు. "హాయిగా ఇంట్లో ఉంటావు, నీకేం" అనే స్నేహితురాళ్లకు ఆ హాయిలో ఒక వారం పంచిపెట్టాలనిపించేది.

ఆ కంప్యూటర్‌ని కూడా ఆయన నాకు పూర్తిగా వదల్లేదు. మా పాస్‌పోర్టు కాపీలు, గ్రీన్‌కార్డ్ కాగితాలు, బ్యాంకు వివరాలు అన్నీ అందులోనే. ఎవరి చేతిలోనైనా పడితే మా గతేంటని ఆయన భయం. అందుకని అప్‌డేట్లు వస్తే తనే దూరం నుంచి చేసేవారు. ఆఫీసు లాప్‌టాప్‌లో అది కుదరదు కాబట్టి, మధ్యాహ్నం పక్కనే తను దిగే హోటల్‌కి వచ్చి, లాబీలో అందరికోసం పెట్టిన కంప్యూటర్ నుంచి మా ఇంటి కంప్యూటర్‌కి కనెక్టయ్యేవారు. ఇక్కడ ఎవరూ మౌస్ ముట్టుకోకుండానే తెర మీద బాణం కదిలేది. మొదట్లో ఒళ్లు జలదరించేది. తర్వాత అలవాటైపోయి, ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చూసేదాన్ని.

ఒక్క పని మాత్రం అక్కడి నుంచి ఆయన వల్ల అయ్యేది కాదు. ఏ ప్రోగ్రామ్ అప్‌డేట్ మొదలుపెట్టినా తెరంతా మసకబారి, మధ్యలో ఒక చిన్న పెట్టె వచ్చేది. ఈ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయడానికి ఒప్పుకుంటారా అని అడిగేది. ఆ పెట్టె ఇంట్లో ఉన్న నాకే కనిపించేది. ఆయనకి అటువైపు నలుపు తప్ప ఏమీ ఉండదట. "నాకు బ్లాక్ అయిపోయింది, నువ్వు ఎస్ నొక్కు" అని మొదట్లో ఫోన్లో చెప్పేవారు. రానురాను చెప్పడం మానేశారు. తెర మసకబారితే నేనే లేచి నొక్కేదాన్ని.

లాబీలో నలుగురి మధ్య భార్యతో ఫోన్లో మాట్లాడటం ఆయనకు మొహమాటం. అందుకని తెర మీదే నోట్‌ప్యాడ్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్లం. నేను "తిన్నారా?" అని కొట్టేదాన్ని. ఆయన "తిన్నా" అని కొట్టి ఊరుకునేవారు. నువ్వు తిన్నావా అని ఏనాడూ అడగలేదు. మనిషి మంచివారే, ఆ ప్రశ్న తట్టదంతే. నాకు మాత్రం ప్రతిసారీ ఒళ్లు మండేది.

ఒక గురువారం పొద్దుటి నుంచీ మంచు కురుస్తోంది. మధ్యాహ్నం బాణం కదిలింది. తెర మసకబారింది. వెళ్లి ఎస్ నొక్కాను.

ఆ రోజు బాణం నెమ్మదిగా, కొత్త ఇంట్లో స్విచ్చి వెతుక్కుంటున్నట్టు తిరిగింది. మా కాగితాల ఫోల్డర్ తెరిచింది. ఆయన పాస్‌పోర్టు చూసి, నాది తెరిచి, నా ఫోటో దగ్గర చాలాసేపు ఆగింది. ఏదో కాగితం అవసరమైంది కాబోలనుకుని, నోట్‌ప్యాడ్ తెరిచి "తిన్నారా?" అని కొట్టాను.

బాణం ఆగిపోయింది. కాసేపటికి "తిన్నా" అని వచ్చింది. దాని పక్కన గీత మిణుకుమంటూనే ఉంది. ఆ తర్వాత ఒక్కో అక్షరమే పడింది.

"నువ్వు తిన్నావా?"

చెప్పొద్దూ, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్కదాన్నే కదా, వండుకోబుద్ధి కాలేదు" అని కొట్టాను.

"అలా అయితే ఎలా? కాస్త చారైనా పెట్టుకో."

అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన.

"స్నో పెద్దదవుతుందని పొద్దున్నే ఫ్లైట్ మార్చుకున్నా. ఇప్పుడే ల్యాండ్ అయ్యా. టాక్సీలో వచ్చేస్తా."

"ఇందాకటి నుంచి కంప్యూటర్‌లో ఉన్నది మీరు కాదా?"

"ఇప్పటిదాకా గాల్లో ఉన్నాను, కంప్యూటరేంటి?"

ఫోన్ నా చెవి దగ్గరే ఉంది. తెర మీద మళ్లీ అక్షరాలు పడుతున్నాయి. "పోపులో వెల్లుల్లి వేస్తావా?"

గోడకున్న కంప్యూటర్ కరెంటు వైరు పీకేశాను.

జరిగిందేమిటో ఆయన ఇంటికొచ్చాక తేల్చారు. ఆ ఉదయం లాబీలో అప్‌డేట్ డౌన్‌లోడ్‌కి పెట్టి, అది పూర్తయ్యేలోపే టాక్సీ వచ్చిందని లాగౌట్ చేయకుండా లేచిపోయారు. ఆ హోటల్ నిండా మన తెలుగువాళ్లే. ఎవడో వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. తప్పు తనదే అయినా ఎగిరింది మాత్రం నా మీద.

"నువ్వు ఎస్ నొక్కకపోతే వాడికి ఆ నలుపు తప్ప ఏం కనబడేది? దొంగ చేతికి తాళాలిచ్చావు!"

"నొక్కు నొక్కు అని నేర్పిందెవరు?" అని నేనూ ఊరుకోలేదు.

పాస్‌వర్డులన్నీ మార్చాం. నెలల తరబడి బ్యాంకు నుంచి ఫోన్ వస్తే చాలు, ఖాతాలో ఎంతుందో చూసుకునేవాళ్లం. ఏమీ పోలేదు. ఏమీ జరగలేదు. నోట్‌ప్యాడ్‌లోని మాటలు వైరుతోపాటే పోయాయి. వాటి సంగతి ఆయనకు చెప్పలేదు.

"ఇకమీదట బాణం కదిలితే, ముందు నాకు మాత్రమే తెలిసిందేదైనా అడుగు. నేనేనని తేలాకే ఎస్ నొక్కు" అన్నారాయన. నాకు అంత పరీక్ష అక్కర్లేకపోయింది. "తిన్నారా?" అని కొట్టేదాన్ని. "తిన్నా" అని వచ్చి ఊరుకుంటే ఆయనే. ధైర్యంగా నొక్కేదాన్ని.

మంచు కరిగి, కిటికీ కింద గడ్డి మళ్లీ పచ్చబడిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం బాణం కదిలింది. "తిన్నారా?" అని కొట్టాను. "తిన్నా" అని వచ్చింది. గీత మిణుకుమంటూనే ఉంది.

"నువ్వు తిన్నావా?"

వైరు పీకేశాను. అది చేతిలో పట్టుకునే అక్కడ నేల మీద కూర్చున్నాను. కాసేపటికి ఫోన్ మోగింది.

"ఏమైంది? సడన్‌గా కట్ అయింది."

"ఇందాక అడిగింది మీరేనా?"

"అదేంటి? నేను కాక నిన్నెవరడుగుతారు?"

గొంతు ఆయనదే. అయినా ఆ వైరు తిరిగి గోడకు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు.