కాంటా లోపలి చీటీ

ముప్పై మూడేళ్ళు నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పాను. ఓమ్ నియమం నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతాను. కానీ ఇంట్లో రేడియో మూగబోతే దాని నెత్తిన రెండు మొట్టికాయలు వేయడం తప్ప మరో వైద్యం ఎరగను. హైదరాబాదు కాప్రాలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండే బాలమ్మ ఆ రేడియోని పావుగంటలో పాడించిన రోజున, రిటైర్డు లెక్చరర్ కామరాజుని అని చెప్పుకోవడానికి నాకు మొదటిసారి సిగ్గేసింది.

బాలమ్మకి అరవై నాలుగేళ్ళు. చదివింది ఏడో తరగతి. ఏ.ఎస్. రావు నగర్ వైపు ఒక చిన్న కంపెనీలో ముప్పై ఏళ్ళు ఎలక్ట్రానిక్ బోర్డులకు సోల్డరింగు, అంటే కరిగించిన సీసంతో అతుకులు వేసే పని, చేసింది. చేరినప్పుడూ హెల్పరే, మానినప్పుడూ హెల్పరే. బోర్డుని కిటికీ వెలుగులోకి ఎత్తి, కన్ను చికిలించి, వందల జాయింట్లలో ఒకదాని మీద వేలు పెట్టి, "గిది మెరుస్తలేదు సారూ, లోపల పట్టుకోలే" అనేది. మీటరు పెట్టి చూస్తే అదే. నేను మూడుసార్లు పరీక్షించాను, ఎక్కడైనా తప్పుతుందేమోనన్న దుర్బుద్ధితోనే. మూడుసార్లూ నోరు తెరుచుకుని ఇంటికొచ్చాను.

ఆ కంపెనీలో బోర్డులు బిగించి పంపే ప్రతి పెట్టె లోపలా ఒక చీటీ అంటించేవారట. తేదీ, నంబరు, కింద "పరీక్షించినవారు" అని ఒక గీత. బోర్డుని పరీక్షించేది బాలమ్మ. గీత మీద సంతకం మాత్రం అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన ఇంజనీరుది. "పెట్టొచ్చునా బాలమ్మా అని అడిగి పెట్టేటోళ్ళు, మంచి పోరగాండ్లే" అని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది.

పని మానేశాక వరండాలో బల్ల వేసుకుంది. వాడలో మూలపడ్డ మిక్సీలు, ఫ్యాన్ రెగ్యులేటర్లు అక్కడికే చేరతాయి. వాటితోపాటు బడి వదిలాక లాస్య చేరేది. లాస్య మా ఎదురింటి హరికిషన్ కూతురు. హరికిషన్‌కి బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల దుకాణం ఉంది. మూడేళ్ళుగా ఆ పిల్ల బాలమ్మ దగ్గర కూచుని, వేలు కాల్చుకుని, ఊదుకుని, మళ్ళీ కూచుంది. బాలమ్మ పెట్టిన నియమం ఒక్కటే. మూత తీసేముందు, ఆ వస్తువు ఎప్పుడు పాడవుతోందో కనుక్కుని నోటుబుక్కులో రాయాలి. "ఎందుకు కరాబైందని తర్వాత అడుగు బిడ్డా. ఎప్పుడైతుందో ముందుగాల అడుగు. గది చెప్తది" అనేది. డాక్టరు రోగిని అడిగినట్టు ఆ పిల్ల మిక్సీల వాళ్ళని కూర్చోబెట్టి అడిగేది. చూసి తీరాలి ఆ ముచ్చట.

లాస్య పదో తరగతి పాసై పాలిటెక్నిక్ ఎంట్రన్సు రాసింది. ఎలక్ట్రానిక్సులో సీటు వచ్చింది. జూన్‌లో ఒక సోమవారం సాయంత్రంలోగా కాలేజీకి వెళ్ళి చేరాలి, లేకపోతే సీటు పోతుంది. హరికిషన్ వద్దన్నాడు. ఇంటి పక్కన కాలేజీలో ఇంటర్ కామర్స్ చదివితే చాలన్నాడు. నేను నచ్చచెప్పబోతే, వరండాలో బాలమ్మ వింటూ ఉండగానే అనేశాడు.

"సార్, మీకు తెల్వదా? పెద్దమ్మను చూడుండ్రి. ముప్పై ఏండ్లు పొగ పీల్చింది, కండ్లు కరాబైనయ్. ఏమైంది? హెల్పర్. నా బిడ్డ సుత గట్లనే వైర్లు అతికిచ్చుకుంట బతకాల్నా?"

అతను చెడ్డవాడు కాదు. కూతురంటే ప్రాణం, భయమూ అంతే.  బాలమ్మ చేతిలో ఉన్న రెగ్యులేటరును బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను అతన్ని గట్టిగా అడగలేకపోయాను. కారణం చెబుతాను. నా సర్వీసులో ఎందరో ఆడపిల్లలకు, "అమ్మా, ఈ మోటార్లూ సర్క్యూట్లూ నీకెందుకు, బాటనీ తీసుకో, హాయిగా ఉంటుంది" అని నేనే సలహా ఇచ్చాను. ప్రేమగానే ఇచ్చాను. ఆ ప్రేమ ఎంత పాడుపని చేసిందో ఇప్పుడు తెలుస్తోంది.

ఆ వారమే తొలకరి పడింది. హరికిషన్ దుకాణంలో ఎలక్ట్రానిక్ కాంటాకి పిచ్చెక్కింది. అది అమ్మకాల కాంటా కాదు, వాటికి సర్కారు ముద్ర ఉంటుంది. ఇది హాస్టళ్ళకు పంపే సంచుల్ని ఇంకోసారి సరిచూసుకోవడానికి పెట్టుకున్నది. పొద్దున ఖాళీ పళ్ళెం మీదే అంకెలు వాటంతట అవి పెరిగేవి. మధ్యాహ్నానికి బుద్ధిగా ఉండేది. మార్కెట్లో మెకానిక్ అటూ ఇటూ ఊపి, పారేసి కొత్తది కొనమన్నాడు. ఆదివారం హరికిషన్ దాన్ని స్కూటర్ మీద పెట్టుకుని నేరుగా బాలమ్మ వరండాకి తెచ్చాడు. బాలమ్మని అంత మాట అన్న చోటికే కాంటాని తేవడం అతనికీ ఇబ్బందిగానే ఉన్నట్టుంది, తల ఎత్తలేదు. వేడుక చూడటానికి నేనూ వెళ్ళాను.

బాలమ్మ కాంటాని ముట్టుకోలేదు. "లాస్యా, నువ్వు చూడు" అని పక్కకి జరిగింది.

స్విచ్చి వేస్తే కాంటా నిక్షేపంగా పనిచేసింది. కిలో ఉప్పు పాకెట్ పెడితే కిలో. తీస్తే సున్నా. "గిదేందీ, నన్ను పరేషాన్ చేయనీకే గిట్ల చేస్తదా?" అని హరికిషన్ తల పట్టుకున్నాడు.

లాస్య నోటుబుక్కు తెరిచింది. "డాడీ, ఏ టైంకి తప్పు చూపిస్తది?"

"పొద్దుగాల. పది దాటితే మంచిగైతది."

"ఎండాకాలం అయ్యిందా ఎప్పుడన్న?"

"లే. వానలు షురూ అయినంకనే."

"నిన్న మధ్యాహ్నం వాన పడ్డది గదా. గప్పుడు?"

హరికిషన్ కాసేపు ఆలోచించాడు. "అవ్... నిన్న మధ్యాహ్నం సుత తప్పు చూపించింది."

పిల్ల లేచి వంటింట్లోకి వెళ్ళింది. మరుగుతున్న నీళ్ళ గిన్నె పట్టకారుతో పట్టుకొచ్చి, కాంటాకి ఓ పక్కన కింద పెట్టింది. ఆవిరి మెల్లగా కాంటా అడుగుకి పాకింది. మేం నలుగురం వంగి చూస్తున్నాం. పళ్ళెం మీద ఏమీ లేదు. సున్నా అయిదైంది. అయిదు ఇరవై అయింది. ఇరవై నలభై దాటి ఎక్కుతూనే ఉంది. గాలి తప్ప ఇంకేమీ లేని పళ్ళెం మీద బరువు పెరుగుతుంటే నా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. దాగిన జబ్బుని పదిహేనేళ్ళ పిల్ల పేరు పెట్టి పిలిచింది, అది బయటికొచ్చింది. ముప్పై మూడేళ్ళ నా పాఠాల్లో ఇలాంటి క్షణం ఒక్కటీ లేదు.

"తడి" అంది లాస్య. స్విచ్చి తీసి, స్క్రూలు విప్పింది.

లోపల బోర్డు మీద గోధుమరంగు మరక, జిగటగా. దాని చుట్టూ చచ్చిన చీమలు. బాలమ్మ వాటిని చూసి, "తియ్యటిదేదో పడ్డది. ఎండల ఎండిపోయి ఊకున్నది, గాలిల తడి తాకంగనే మల్ల లేచింది. ఏం పోసినవ్ హరికిషనూ?" అంది.

"నేనేం పోస్త పెద్దమ్మా? చాయ్ సుత దాని దగ్గరికి రానియ్య" అంటూనే అతను ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "దసరాకు... ఆయుధపూజ చేసినం గదా. కొబ్బరికాయ మంచిగ రెండు చెక్కలైంది. ఖుషీల ఆ నీళ్ళు కాంటా మీద పోసిన. అభిషేకం లెక్క."

ముందు బాలమ్మ నవ్వింది. తర్వాత అందరం పడీపడీ నవ్వాం, హరికిషన్ కూడా. తొమ్మిది నెలలు ఆ భక్తి కాంటా కడుపులో ఓపిగ్గా కూచుని, వాన చినుకు పడగానే అంకెల్ని ఆడించడం మొదలుపెట్టింది.

లాస్య స్పిరిట్‌లో ముంచిన బ్రష్‌తో మరక కడిగింది. ఒక జాయింటు పచ్చగా చిలుము పట్టి ఉంది. పాత సీసం తీసి కొత్తగా వేసింది.  బాలమ్మ బోర్డుని వెలుగులోకి ఎత్తి చూసి, "మెరుస్తున్నది" అంది. స్క్రూలు బిగించకుండా మూత పెట్టి మళ్ళీ ఆవిరి పట్టాం. సున్నా సున్నాగానే ఉంది. హరికిషన్ ఆ సున్నాని చాలాసేపు చూశాడు.

తర్వాత మెల్లగా అన్నాడు. "మస్తు తెలివి పెద్దమ్మా నీది, దానిది సుత. కానీ గింత తెలిసి సుత నువ్వు హెల్పరువే అయితివి గదా. నాకు గదే భయం."

ఇన్నాళ్ళూ ఆ సంగతి ఎత్తని బాలమ్మ అప్పుడు మాట్లాడింది. "నా చేతిల పని ఉండె బిడ్డా, కాగితం లేకుండె. మా నాయిన నన్ను బడి మాన్పిచ్చిండు. ఆయన సుత నీ లెక్కనే, నా మంచికే అన్నడు. దాని చేతిల పని ఆల్రెడీ ఉన్నది. కాగితం తెచ్చుకుంట అంటున్నది. నన్ను చూసి ఆపకు దాన్ని. నన్ను చూసే పంపు."

 నేను కళ్ళజోడు తుడుచుకునే వంకతో మొహం తిప్పుకున్నాను.

ఈలోగా లాస్య నోటుబుక్కులోంచి ఒక ముక్క చింపి, ఏదో రాసి, బాలమ్మ ముందు పెట్టింది. తేదీ. "లోపలికి కొబ్బరినీళ్ళు పోయి తడికి తప్పు చూపింది. కడిగి సరిచేశాం." కింద "పరీక్షించినవారు" అని ఒక గీత.

"నువ్వు పెట్టాలె అవ్వా" అంది.

వెంట్రుకంత తీగని చిటికెలో అతికించే బాలమ్మ పెన్నుని రెండుసార్లు మార్చి పట్టుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. బాలమ్మ. అంతకుముందు ఆమె చేయి దాటి వెళ్ళిన వేల పెట్టెల్లో ఎక్కడా లేని పేరు. కాసేపు దాన్నే చూసుకుంది, వేరెవరిదో అన్నట్టు.

లాస్య ఆ చీటీ తీసుకుని, సంతకం కింద ఇంకో గీత గీసింది. దాన్ని ఖాళీగా వదిలేసి, కాంటా మూత ఎత్తి లోపలి వైపు అంటించబోయింది.

"అదెవరికమ్మా?" అని అడిగాను.

"నాకే సార్. ఇప్పుడు పెట్ట. డిప్లొమా మూడేండ్లు గదా, గప్పుడు మల్ల ఇప్పి పెడత."

సోమవారానికి ఒక్కరోజే ఉంది. తండ్రి ఇంకా ఒప్పుకోలేదని ఆ పిల్లకి తెలుసు. అయినా గీత గీసింది. హరికిషన్ చీటీ అందుకుని, పై పేరు చదివాడు, కింద ఖాళీ గీత మీద బొటనవేలితో ఒకసారి నిమిరాడు. తనే దాన్ని మూత లోపల అంటించి, ఒక్కొక్క స్క్రూ బిగించాడు. చివరి స్క్రూ బిగిస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"రేపు కాలేజీకి ఎన్ని గంటలకు పోవాలె బిడ్డా?"