హళియాళ మాస్టారి పుస్తకానికి శశికళ చెప్పిన తీర్పు

శశికళ సవణూర నోట ‘బాగుంది’ అన్న మాట ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. క్యాంటీన్‌లో అందరూ లొట్టలు వేసుకుంటూ తినే మిర్చి బజ్జీని కూడా ఆవిడ ‘తినొచ్చు’ అనేది. అలాంటి మనిషికి ఒక పుస్తకం పనికొస్తుందో లేదో తేల్చమని అప్పజెప్పారు. ఆ పుస్తకం రాసినాయన ఆవిడకి టైపు నేర్పిన గురువు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

హొసకట్టిలో, ఆనకట్ట నీళ్ళలో మునగబోయే ఆరు ఊళ్ళ వాళ్ళకి కొత్తచోట ఇళ్ళస్థలాలు ఇచ్చే ఆఫీసు మాది. నేను రికార్డు గది చూసేవాణ్ణి. శశికళ టైపిస్టుల గదికి పెద్ద. అప్పటికి నలభై ఆరేళ్ళుంటాయి. పెళ్ళయిన మూడో ఏడు మొగుడు పోతే, అత్తవారింట్లో జొన్నరొట్టెలు తట్టుకుంటూ ఉండిపోవలసిన మనిషి. హళియాళ మాస్టారు ఆవిడ మామగారి దగ్గరికి స్వయంగా వెళ్ళి, ‘ఈ పిల్లకి పది వేళ్ళున్నాయి, నాకు అప్పగించండి’ అని అడిగి తీసుకెళ్ళారట. ఫీజు మాట ఎత్తలేదు. ఎనిమిది నెలల్లో కళ్ళకి గంతలు కట్టినా తప్పు పోకుండా కొట్టే టైపిస్టుని చేశారు. చన్నబసప్ప హళియాళ అని ఆయన పూర్తి పేరు వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద తప్ప ఎవరికీ గుర్తుండదు. ఊళ్ళో ఏ ఆఫీసులో మిషను చప్పుడు వినిపించినా దాని వెనక ఆయన శిష్యులుండేవాళ్ళు.

తొంభై ఆరులో మా ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చాయి. టైపు మిషన్లని గోనెపట్టాలు కప్పి నా గదిలోకి తోశారు. మాస్టారి ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు పల్చబడ్డారు, తర్వాత అసలు రావడమే మానేశారు. ఇంకొకరయితే మంచం పట్టేవారు. ఆయన అరవై మూడేళ్ళ వయసులో హుబ్బళ్ళి వెళ్ళి కంప్యూటర్ మీద ఉత్తరాలు, జాబితాలు రాసే పద్ధతి నేర్చుకుని, మూడేళ్ళు కూర్చుని కన్నడంలో దానికో పుస్తకం రాశారు. చేతిరాతలో రెండు వందల పన్నెండు పేజీలు. తెర మీద కనిపించే ప్రతి బొమ్మనీ స్కేలు పెట్టి, రంగు పెన్సిళ్ళతో గీశారు. ఏ టైపిస్టుకి ఏ సందేహం వచ్చినా తెరిచి చూసుకోవాలని ఆయన కోరిక.

మా పెద్దాఫీసరు నాడగౌడగారు దాన్ని చూసి ముచ్చటపడ్డారు. టైపిస్టుల గది నుంచి పనికొస్తుందని ఒక కాగితం వస్తే చాలు, అచ్చు వేయించి జిల్లాలోని ఆఫీసులన్నిటికీ పంపుతానన్నారు. మాస్టారికి అప్పటికే ఊపిరి సరిగా ఆడటం లేదు. ఆ పుస్తకం అచ్చులో చూసుకుంటే చాలని బతుకుతున్నారని ఊరంతా ఎరుగును.

“పదిహేను రోజులు నా బల్ల మీద ఉండనివ్వండి సార్,” అంది శశికళ.

నాకు ఒళ్ళు మండింది. “పదిహేను రోజులెందుకమ్మా? పెద్దాయన. రెండు ముక్కలు మంచిగా రాసి పంపిస్తే నీ సొమ్మేం పోయింది?” అన్నాను.

“పోయేది నా సొమ్ము కాదులెండి. నేర్చుకునే పుస్తకమయితే చదివి చెబుతాను. ఇది వెతుక్కునే పుస్తకం. అవసరం పడితే గానీ దీని సంగతి తెలీదు.”

ఆవిడ పద్ధతి ఇదీ. గదిలో ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు పుస్తకంలోనే వెతకాలి. అడగకూడదు. ఏం కష్టమొచ్చిందో ఆ పిల్ల అన్న మాటల్లోనే శశికళ ఒక కాగితం మీద రాసుకునేది. పక్కన దొరికింది, దొరకలేదు అని ఒక్క ముక్క. టీ కుర్రాడు ఒక చివర నుంచి రెండో చివరకి గ్లాసులు పెట్టుకుంటూ వెళ్ళేంత సేపు గడువు. అంతలో దొరక్కపోతే దొరకనట్టే. ఎందుకంటే ఆఫీసరు గంట కొట్టి అంతకన్నా ఎక్కువసేపు ఆగడు.

ఆ కాగితం నేను చూశాను. ‘పేరా పారిపోయింది.’ ‘గీత పడింది, చెరిపితే పోవట్లేదు.’ ‘చివర ఖాళీ పేజీ వస్తోంది, వద్దన్నా వస్తోంది.’ ‘ఒక్క మాట కలిపితే కింద వరసలన్నీ మెట్లు మెట్లుగా జారాయి.’ వీటిలో చాలా వాటికి మాస్టారి పుస్తకంలో జవాబు ఉంది. కానీ తెర మీద పేర్లు ఏ వరసలో ఉంటే ఆయన ఆ వరసలోనే రాసుకుంటూ పోయారు. పేరా పారిపోయినవాడు ఏ పేరు కింద చూడాలో వాడికెలా తెలుస్తుంది? ఆ పేరు తెలిస్తే పుస్తకమే అక్కర్లేదు.

మెహబూబి అని అందరికన్నా చిన్నది, నోటికి తాళం లేని పిల్ల, పదో రోజున పుస్తకం మూసి అనేసింది. “అక్కా, మీ గురువుగారి పుస్తకం పెళ్ళి మంత్రాలన్నీ బ్రహ్మాండంగా చెబుతుంది. పెళ్ళికొడుకు గోడ దూకి పోతే ఏం చెయ్యాలో మాత్రం చెప్పదు.”

గదంతా నవ్వారు. శశికళ నవ్వలేదు. “నోరు కాదు, వేళ్ళు ఆడించు,” అని కాగితం మీద ఇంకో ‘దొరకలేదు’ రాసుకుంది.

పన్నెండో రోజున కల్లవ్వ వచ్చింది.

కల్లవ్వది కెంపళ్ళి. మునిగే ఊళ్ళలో అందరికన్నా ముందు మునిగేది అదే. వచ్చే వానలకి నీళ్ళొస్తాయని దండోరా వేశారు. ఆవిడ స్థలం చీటీ కోసం మూడు నెలలుగా కిటికీ దగ్గరికి వస్తోంది. కిటికీలో కూర్చున్న గుమాస్తా ఇంటి నంబరు కొట్టి వెతకడం, కంప్యూటర్ లేదనడం, ఆవిడ వెనక్కి పోవడం. కాగితంలో పొరపాటు ఉందంటే మావాళ్ళు నమ్ముతారు గానీ, కంప్యూటర్ అన్నమాటకి ఎదురు చెప్పే మగాడు మా ఆఫీసులో లేడు. ఆ రోజు ఆవిడ కిటికీ దగ్గర ఆగకుండా నేరుగా టైపిస్టుల గదిలోకి వచ్చేసింది. చేతిలో ఊరి చావడి గోడ నుంచి చింపుకొచ్చిన జాబితా ఉంది.

“నాకు చదువు రాదు తల్లీ. మా పాప చదివింది. నూట పదిహేడు అని ఇందులో ఉందంట. మీ పెట్టెలో లేదంటున్నారు. నా ఇల్లు గోడ మీద ఉండి పెట్టెలో లేకపోవడమేంటి?”

శశికళ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, నూట పదిహేడు కొట్టి వెతికింది. కంప్యూటర్ లేదంది. తర్వాత వెతకడం మానేసి, తెర మీది జాబితాని పై నుంచి కిందకి కళ్ళతోనే చూసుకుంటూ వచ్చింది. నూట పదహారు తర్వాత నూట పదిహేడు ఉంది. కల్లవ్వ పేరు కూడా ఉంది. మళ్ళీ వెతికింది. మళ్ళీ లేదంది.

మాస్టారి పుస్తకం తెరిచింది. ‘వెతుకుట’ అన్న పేజీ ఉంది. ఆరు మెట్లుగా, ఒక్క తప్పు లేకుండా, బొమ్మతో సహా ఉంది. ఎదురుగా ఉన్నది దొరకకపోతే ఏం చెయ్యాలో మాత్రం ఎక్కడా లేదు. చివరికి ఆవిడ ఆ నంబరు చెరిపేసి మళ్ళీ కొట్టబోయింది. కొట్టబోయి ఆగిపోయింది. కుడిచేతి ఉంగరం వేలు తనంతట తానే కిందికి దిగి ఇంగ్లిషు ‘ఎల్’ మీట మీద పడింది.

పాత మిషన్ల మీద ఒకటి అంకెకి మీట ఉండేది కాదు. చిన్న ‘ఎల్’ అక్షరం చూడటానికి అచ్చం ఒకటిలాగే ఉంటుంది కనక దాన్నే కొట్టేవాళ్ళు. ‘ఒకటి కావాలంటే చెయ్యి పైకి ఎత్తకండి, ఉంగరం వేలు దాని మీదే ఉంది’ అని మాస్టారు ప్రతి బ్యాచ్‌కీ మొదటి వారంలోనే చెప్పేవారు. కంప్యూటర్‌కి పై వరసలో ఒకటి ఉందని శశికళకి తెలుసు. మామూలుగా అదే కొట్టేది. వేగం పెరిగినప్పుడు, అలసిపోయినప్పుడు వేలు పాత చోటికి పోయేది. తెర మీద చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, కాగితం మీదా ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌కి మాత్రం ఒకటి అంకె, ‘ఎల్’ అక్షరం; ఒకటని వెతికితే ‘ఎల్’ దొరకదు.

ఆ జాబితా కొట్టింది శశికళే.

కల్లవ్వకి ఆ సాయంత్రమే చీటీ ఇప్పించింది. ఆవిడ దణ్ణం పెట్టబోతే రెండు చేతులూ పట్టుకుని ఆపి, “తప్పు నాది అవ్వా, నా చేతిది,” అంది. కల్లవ్వకి ఏమీ అర్థం కాలేదు. చీటీ కొంగున కట్టుకుని బస్సుకి పరుగెత్తింది.

పదిహేనో రోజున శశికళ తీర్పు రాసింది. ముప్ఫై ఎనిమిది కష్టాల్లో గడువు లోపల దొరికినవి తొమ్మిది. ‘చెప్పిన ప్రతి మాటా సరైనదే. తెలిసినవారికి గుర్తు చేస్తుంది, చిక్కుకున్నవారికి దారి చూపదు. టైపు మిషను మీద నేర్చుకున్నవారు కంప్యూటర్ మీద చేసే తప్పుల గురించి ఒక్క మాట లేదు. ప్రస్తుత రూపంలో పనికిరాదు.’ నాడగౌడగారు దాన్ని చదివి, “ఇంకొంచెం మెత్తగా రాయకూడదా?” అన్నారు. “మెత్తగా రాస్తే అచ్చవుతుంది సార్,” అంది ఆవిడ.

ఆ కాగితం ప్యూను చేత పంపకుండా తనే తీసుకెళ్ళింది. నన్నూ తోడు రమ్మంది. నేనెందుకు వెళ్ళానంటే, పెద్దాయన కుప్పకూలిపోతే పట్టుకోడానికి ఒక మనిషి కావాలి గదా అని. దారి పొడవునా ఆవిడ మీద కోపంగానే ఉంది నాకు.

మాస్టారు ఇన్‌స్టిట్యూట్‌లోనే, మిషన్ల మధ్య మడతమంచం వేసుకుని పడుకున్నారు. నుదుటి మీద విభూతి రేఖలు చెమటకి చెదిరి ఉన్నాయి. కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు.

“వరసలు మెట్లు మెట్లుగా జారడం నేను రాశానే, నూట నలభైలో.”

“ఉంది సార్. ఎవరికీ దొరకలేదు.”

“సరే. ఈ టైపు మిషను తప్పులంటే ఏవి?”

శశికళ కల్లవ్వ సంగతంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన కుడిచేతి ఉంగరం వేలు దుప్పటి మీద కదులుతూనే ఉంది.

“ఆవిడ ఇల్లు దొరికిందా?”

“దొరికింది సార్. చీటీ ఇచ్చేశాం.”

“మిగతావాళ్ళవి?”

ఈ మూడు రోజులూ శశికళ ఆ పని చెయ్యలేదు. పుస్తకానికి ముప్ఫై ఎనిమిది సార్లు పరీక్ష పెట్టిన మనిషి, తన జాబితాలని ఒక్కసారి తెరవడానికి భయపడింది. నాకు కోపం అక్కడితో పోయింది. అది పోయి వచ్చింది మాత్రం అంతకన్నా బరువయినది.

“పుస్తకం అక్కడ పెట్టు తల్లీ,” అన్నారు మాస్టారు. “ఆ బీరువాలో హాజరు పట్టీలున్నాయి, తియ్యి. ఇరవై ఏడేళ్ళవి. నేను ఈ వేలు నేర్పింది నీ ఒక్కదానికేనా?”

మర్నాటి నుంచి ఆయన కార్డులు రాశారు. పోస్టాఫీసులో ఉన్న కార్డులు అయిపోతే పక్క ఊరి నుంచి తెప్పించారు. శిష్యుల పేర్లు పట్టీలో ఉన్న వరసనే, ఎక్కడున్నారో తెలిసినవాళ్ళకి నేరుగా, తెలియనివాళ్ళకి ఇంటి పెద్దల పేరున. అన్నిటిలోనూ అవే నాలుగు వాక్యాలు. ‘ఒకటికి ఉంగరం వేలు వాడమని నేను నేర్పాను. కంప్యూటర్ మీద అది తప్పు. మీరు కొట్టిన జాబితాలు మొదటి నుంచి తిరిగి చూడండి. ఎవరికైనా నష్టం జరిగి ఉంటే అందులో సగం నాది.’ శశికళకి కూడా ఒకటి వచ్చింది. ఆ సంగతి తనే చెప్పిందని దానికి మినహాయింపు ఏమీ లేదు. దాన్ని తెర పక్కన అతికించుకుని, తిన్నగా నా గదికి వచ్చి కెంపళ్ళి మొదటి కట్ట తీయమంది.

నెల పట్టింది. నేను కాగితం మీద నంబరు చదవడం, ఆవిడ కొట్టి వెతకడం. దొరక్కపోతే కళ్ళతో చూసి సరిచేయడం. ఆరు ఊళ్ళలో నలభై మూడు ఇళ్ళు తేలాయి. నలభై రెండు కుటుంబాలకి మనుషుల్ని పంపి చీటీలు ఇచ్చాం. కెంపళ్ళి పదకొండో నంబరు ఇంటికి తాళం ఉంది. పేరు లేదని కిటికీలో రెండుసార్లు చెప్పించుకుని, ఉన్న ఎద్దుల్ని అమ్ముకుని, ఇంటిల్లిపాదీ ఎటో పనికి వెళ్ళిపోయారట. ఎటు వెళ్ళారో ఆ ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. అడగని చోటు లేదు.

మాస్టారు రోజూ కబురు కనుక్కునేవారు. ఈరోజు ఎన్ని తేలాయి, ఎంతమందికి అందాయి అని. వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం మేమిద్దరం వెళ్ళేసరికి ఆయనకి మాట సన్నగిల్లిపోయింది. చెవి దగ్గర పెట్టి వినాల్సి వచ్చింది.

“అందరూ దొరికారా తల్లీ?”

శశికళ ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. గురువుగారి మూడేళ్ళ కష్టాన్ని ఆయన మొహం మీదే పనికిరాదన్న మనిషి. నేను తల వంచుకుని నిలబడ్డాను.

“దొరికారు సార్. అందరూ దొరికారు.”

ఆయన నావైపు చూశారు. రికార్డులు చూసేవాడి మాట కదా, అది కూడా కావాలనుకున్నారు.

“అవును మాస్టారూ,” అన్నాను. “నలభై మూడూ ముట్టాయి.”