పదకొండో పేరు

దెయ్యాల కథలు చెప్పినందుకు పిల్లలను తరగతి బయట నిలబెట్టిన మాస్టారిని నేను. బాన్సువాడలో ఇరవై ఏళ్లుగా చరిత్ర చెబుతున్నాను. ఆధారం లేనిది నమ్మను. అయినా ఇది రాయక తప్పదు. తప్పు నాది.

గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక చిన్న రేవు ఊరుంది. ఒకప్పుడు బియ్యం ఓడలు కదిలిన ఒడ్డున ఇప్పుడు షికారు పడవల రిసార్టు ఉంది. దాని యజమాని మా పక్కనున్న వర్ని వైపు వాడే. ఆ ఊరి చరిత్రను చిన్న పుస్తకంగా రాసిమ్మన్నాడు.

ఆ రేవులో పుట్టిన సీతమ్మవ్వ వర్ని దగ్గరే స్థిరపడింది. ఆమె తండ్రి సరంగు, ఓడ నడిపేవాడు. ఓడ తిరిగొచ్చాక ఒడ్డు మీద సరంగు ఒక్కొక్కరినీ పేరుతో పిలిచేవాడట. అందరూ “ఉన్నా” అని పలికేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. ఒకసారి బరువెక్కువై ఓడ మునిగింది. సరంగుతో కలిపి పదకొండుమంది పోయారు. ఆ పేర్లన్నీ ఆమె నాతో రాయించింది.

“ఒక్కటీ వదిలెయ్యకు బాబూ. రాతలోనైనా ఒడ్డుకు రానీ.”

యజమాని ఆ పేజీ చూసి నవ్వాడు. “సావుల ముచ్చట సదివినోడు పడవెక్కుతడా సారూ? తీసెయ్యి.”

తీసేశాను. ఓడ మునిగిన మాటే లేకుండా, ఇసుక మేటలు వేసి రేవు మూతపడిందని రాశాను. పేర్ల కాగితం చించి పారేశాను.

అచ్చయిన పుస్తకం తీసుకెళ్తే, చదువురాని సీతమ్మవ్వ ఆ పేర్లు చదివి వినిపించమంది. లేని పేర్లను ఉన్నట్టే చదివాను. పది చెప్పి ఆగిపోయాను. పదకొండోది ఆమే అందించింది.

“కళ్లజోడు మార్చుకో మాస్టారూ,” అని నవ్వింది.

నెల తిరగకుండానే ఆమె పోయింది.

ఆ తర్వాతి సోమవారం, మొదటి పీరియడ్. హాజరు తీసుకుని రిజిస్టరు మూశాను. ఖాళీగా ఉన్న చివరి బెంచీల వైపు నుంచి “ఉన్నా” అని ఒక మగ గొంతు. తర్వాత ఇంకొకటి. మా పిల్లలు “ప్రెజెంట్ సార్” అంటారు. ఆ గదికి వెనక తలుపు లేదు. పది గొంతులు లెక్కపెట్టాను. తర్వాత ఏమీ లేదు.

“ఎవర్రా, గట్ల మస్కిరీలు చేస్తుర్రు?” అని ఒక పిల్లాడు నవ్వాడు.

ముందు బెంచీలో కూర్చున్న తండా అమ్మాయి నవ్వలేదు. “ఇంకొకరు పలకలే సార్. పిలువుండ్రి.”

“ఇంకొకరున్నరని నీకెట్ల తెలుసు?”

“ఏమో సార్.”

పదకొండుమంది సంగతి నేను బడిలో ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు విన్నదేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. తీసేసిన పేర్లు మాత్రం ఇక్కడ రాస్తున్నాను. సరంగు వీరాస్వామి, పోలయ్య, సత్తెయ్య, గంగులు, అప్పన్న, నూకయ్య, మస్తాన్, కామేశు, చిన పోలయ్య, ధర్మయ్య.

పదకొండోది ఎంత తలచినా రావడం లేదు. వర్నిలో, ఆ రేవు ఊళ్లో అందరినీ అడిగాను. ఎవరికీ తెలియదు.

రోజూ హాజరు తీసుకున్నాక కాసేపు ఆగుతున్నాను. అతను పలికేదాకా మిగతా పదిమందీ ఇంటికి పోకూడదు.