మంగళవారం పేపరులో కన్నం

కారుథర్స్ అండ్ ఈవ్స్ వకీళ్ల సంస్థలో నూట ముప్పై మంది లాయర్లు ఉండేవారు. వాళ్లలో ఒక్కరు కూడా పొద్దున ఎనిమిదింపావుకి ఆఫీసులో కనిపించిన పాపాన పోలేదు. ఆ వేళకి గ్రాంట్ వీధి మేడలో తొమ్మిదో అంతస్తున దీపం వెలిగేది వెరోనికా హుడాక్ బల్ల మీద ఒక్కటే. పాలు లేని కాఫీ, చెక్క స్కేలు, ఆ రోజు పేపరు. పేపరులో కూడా మొదటి పేజీ కాదు. మరణ ప్రకటనల పేజీ.

స్కేలుని మొదటి పేరు కింద పెట్టేది. పేరు, ఊరి పేట, చర్చి, పుట్టింటి ఇంటిపేరు చదివేది. స్కేలు ఒక మెట్టు కిందికి దిగేది. పక్కన చెక్క అరల్లో నాలుగు వేల పైచిలుకు కార్డులు ఉండేవి. ఒక్కో కార్డు ఒక్కో బతికున్న మనిషిది, సంస్థ ఇనుప గదిలో వీలునామా దాచుకున్న మనిషిది. పేపరులో పేరు కార్డులో పేరుతో కలిస్తే, పసుపుపచ్చ చీటీ మీద రాసి, తొమ్మిది కొట్టకముందే వీలునామాల విభాగం పెద్ద లోరిమర్ గారి బల్ల మీద పెట్టేది. తర్వాత సంగతి లాయర్లు చూసుకునేవారు.

ఈ ఆచారం ముసలి కారుథర్స్ పెట్టింది. గడ్డీ దాణా అమ్మే కొట్టు పైన, ఒకే కుర్చీతో మొదలుపెట్టిన మనిషి ఆయన. దివాలా తీసిన బ్యాంకు నుంచి ఇనుప తలుపు కొని తెచ్చి, తన దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ ఒకే మాట చెప్పేవాడట: కాగితం మా దగ్గర పెట్టి వెళ్లండి, మీరు పోయారని మాకు మేమే తెలుసుకుంటాం, మీ వాళ్లు వెతుక్కోనక్కర్లేదు. ముప్పై ఆరులో వరద వచ్చినప్పుడు గుమాస్తాలంతా మెట్ల మీద వరసగా నిలబడి ఆ వీలునామాలని చేతులు మార్చి పై అంతస్తుకి చేర్చారు. కొత్త లాయరు ఎవడు చేరినా ఈ కథ చెప్పి గుండెలు ఉప్పొంగించేవారు. కానీ ఆ మాట రోజూ నిలబెట్టేది ఎవరని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. కుర్ర లాయర్లకి వెరోనికా అంటే వేళాకోళం. స్వర్గం గేటు దగ్గర పేర్లు సరిచూసే సెయింట్ పీటర్ గారి గుమాస్తా అని పేరు పెట్టారు.

"ఏం రోనీ, ఇవాళ నా పేరుందా?" అని లిఫ్టు దగ్గర అడిగేవారు.

"ఉంటే నీకు చెప్పకుండా ఉంటానా. వెళ్లి పని చూసుకో," అనేది వెరోనికా.

ముప్పై ఒక్క ఏళ్లు అలా చదివింది. ఒక్క పేరు తప్పిపోలేదు. ఒకసారి పేజీ మీద కాఫీ ఒలికి నాలుగు ప్రకటనలు చెరిగిపోతే, కోటు వేసుకుని మంచులో వీధి చివరిదాకా వెళ్లి ఇంకో పేపరు కొని తెచ్చి మళ్లీ మొదటి నుంచి చదివింది. పేజీ చిరిగినా, తడిసినా కొత్తది కొనాలి. అది ఆమె సొంత నియమం.

ఎనభై అయిదు అక్టోబరులో ఆమె భర్త ఎమిల్ పోయాడు. ట్రాము నడిపేవాడు. ఆదివారం భోజనం చేసి, కుర్చీలో బేస్‌బాల్ వింటూ వింటూ అలాగే ఉండిపోయాడు. మంగళవారం పేపరులో ఫొటోతో సహా ప్రకటన వచ్చింది. ఆఫీసులో ఎవరింట చావు జరిగినా ఆ ప్రకటన కత్తిరించి లిఫ్టు పక్క బోర్డుకి గుచ్చడం ఆనవాయితీ. రిసెప్షన్‌లో కూర్చునే పెగ్ ఆ పని చేసింది. వెరోనికా చదవకముందు ఆఫీసు పేపరు మీద కత్తెర పెట్టకూడదని పెగ్‌కి తెలుసు. కానీ వెరోనికాయే లేదు కదా, ఇది ఆమె మొగుడిదే కదా అనుకుంది. పాపం, మంచి మనసుతోనే చేసింది.

మరుసటి సోమవారం వెరోనికా వచ్చేసరికి వారం రోజుల పేపర్లు బల్ల మీద దొంతరగా ఉన్నాయి. స్కేలు తీసుకుని ఒక్కొక్కటే చదివింది. మంగళవారం పేపరు తెరిచేసరికి పేజీ మధ్యలో కిటికీ అంత కన్నం. అందులోంచి కింది పేపరు కనిపిస్తోంది. ఆ కన్నం ఎవరిదో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పేజీ తిప్పితే అటువైపు ప్రకటనల మధ్య కూడా అదే కన్నం. స్కేలు ఆ కన్నం దాటి కిందికి దిగింది. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి ఆమె కొత్త పేపరు కొనడానికి లేవలేదు. కొంటే అందులో ఎమిల్ మొహం ఉంటుంది. ఆ రోజు ఆ మొహం చూసే ధైర్యం ఆమెకి లేదు. అంతే జరిగింది.

నెల తర్వాత పెగ్ ఆ ముక్కని బోర్డు మీంచి తీసి, కవరులో పెట్టి ఇచ్చింది. వెరోనికా దాన్ని ప్రార్థన పుస్తకంలో పెట్టుకుంది. బయటికి తీసి చూడలేదు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం పూజకి చర్చిలో ఎమిల్ చెల్లెళ్లు, ట్రాము వాళ్లు నలుగురు వచ్చారు. పూజ మధ్యలో మోకాళ్ల మీంచి లేస్తుంటే పుస్తకంలోంచి ఆ ముక్క జారి బెంచీ మీద పడింది, వెనక వైపు పైకి. ఆమె కళ్లకి అలవాటు పోదు కదా. చదివేసింది.

అడిలేడ్ స్ట్రౌస్, ఎనభై నాలుగేళ్లు, లోరీ వీధి, ట్రాయ్ హిల్.

ఫాదర్ ఏం చెబుతున్నాడో వినిపించలేదు. ఆ కార్డు ఏ అరలో ఉందో ఆమెకి తెలుసు. కార్డే కాదు, మనిషీ తెలుసు. డెబ్బై నాలుగులో ఆ వీలునామాకి సాక్షి సంతకం చేసింది వెరోనికాయే. ఆఫీసు ఆడవాళ్లని అలా పిలిచి సంతకం పెట్టించుకోవడం అక్కడ రోజూ ఉండేదే. చెట్టంత ఎత్తున్న ముసలావిడ, పెళ్లి చేసుకోలేదు, మగవాళ్ల గడియారం పెట్టుకుంది. తన ఇంట్లోనే ఉంటున్న గ్లాడిస్ మెక్‌నల్టీకి ఇల్లు రాసింది. ఇద్దరూ అప్పటికే పద్నాలుగేళ్లుగా ఒకే వంటింట్లో తింటున్నారు. గ్లాడిస్ మిల్లు గేటు దగ్గర ఫలహారశాలలో వడ్డించేది. సంతకం అయ్యాక ఆ ముసలావిడ అన్న మాట వెరోనికాకి ఇప్పుడు చెవిలో అన్నట్టే వినిపించింది: "దానికి చెబితే వద్దంటుంది. నేను పోయాక మీరే చెప్పండి."

చర్చి హాల్లో చెల్లెళ్లు అక్రోటు రొట్టె కోసి, కాఫీ పోసి పెట్టారు. వెరోనికా కోటు వేసుకుని బస్సెక్కేసింది. మొగుడి సంవత్సరీకం నాడు కూడా ఆఫీసేనా అని పెద్ద ఆడపడుచు నలుగురిలో అంది. ఆ మాట తర్వాత చాలాకాలం ఉండిపోయింది.

లోరిమర్ గారు నిదానమైన మనిషి. ఆమె చెప్పింది విని, ఇనుప గదిలోంచి వీలునామా కవరు తెప్పించి చూసి, రిజిస్ట్రారు ఆఫీసుకి ఫోను చేయించారు. గంటలో సంగతి తెలిసింది. వీలునామా లేదని ఆ ఆఫీసు వాళ్లు రాసుకుని, ఒహాయోలో ఉన్న అడిలేడ్ మేనల్లుడికి ఆస్తి అప్పగించారు. అతను దుర్మార్గుడేం కాదు, అత్త బల్ల సొరుగులన్నీ వెతికి, ఏమీ లేదనుకున్నాడు. మార్చిలో గ్లాడిస్‌ని ఖాళీ చేయమన్నాడు. ఆమె ఇరవై అయిదేళ్లున్న ఇంట్లోంచి రెండు పెట్టెలతో వెళ్లి, బేకరీ పైన ఒక గదిలో ఉంటోంది. ఇల్లు అమ్మకానికి పెట్టారు. ఇంకో తొమ్మిది రోజుల్లో కొనేవాడు సంతకం పెడతాడు. వాడు వీలునామా సంగతి ఎరగకుండా డబ్బిచ్చి కొనే మనిషి కాబట్టి, చట్టం ప్రకారం ఒకసారి వాడి చేతిలో పడితే ఇల్లు గ్లాడిస్‌కి మళ్లీ దక్కదు.

లోరిమర్ గారు కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. అమ్మకం ఆపించడం తేలికేనన్నారు. వీలునామా ఈమధ్యే దొరికిందని ఒక అఫిడవిట్ రాసి, కాగితం కోర్టులో దాఖలు చేద్దామన్నారు. అది అబద్ధమేమీ కాదన్నారు. లాయర్ల లెక్కలో నిజంగానే కాదు.

"దొరకలేదండీ," అంది వెరోనికా. "అది ఎక్కడా పోలేదు కదా. పెట్టిన చోటే ఉంది. తప్పిపోయింది నేను."

"చూడమ్మా, వెరోనికా. నువ్వు ఈ మాట రాసిస్తే అవతలి లాయరు నిన్ను బోనులో నిలబెడతాడు. మీ కార్డులు ఎవరు చూస్తారు, ఇంకెన్ని తప్పాయి అని అడుగుతాడు. ఆ పొద్దున చదువుడు తీసేసి కంప్యూటరు పెట్టాలని పై అంతస్తు వాళ్లు ఎప్పట్నుంచో అంటున్నారు. నీకింకా రెండేళ్ల సర్వీసుంది."

"దొరికిందని రాస్తే, పన్నెండేళ్ల కాగితం ఇప్పుడెలా ఊడిపడిందని వాడు అడగడా? దొంగ సంతకమంటాడు. ఆ గ్లాడిస్ మీద పడతాడు. ఉన్నది ఉన్నట్టు రాయండి. నా దగ్గర కాగితం ఉంది."

ప్రార్థన పుస్తకం తెరిచి ఆ ముక్క బల్ల మీద పెట్టింది. బోర్డుకి గుచ్చిన నాలుగు గుండుసూది గుర్తులు మూలల్లో ఇంకా ఉన్నాయి. లోరిమర్ గారు ఒకవైపు చూశారు. తిప్పి రెండోవైపు చూశారు. అసలుదే దాఖలు చేయాలి, ఫొటోకాపీకి గుండుసూది గుర్తులుండవన్నారు.

"తిరిగిస్తారా?"

"ఫైలులో చేరింది తిరిగి రాదు. నాకంటే నీకే బాగా తెలుసు."

ఆమెకి తెలుసు. అయినా ఇచ్చింది.

వీలునామాల తగువులు చూసే కోర్టుకి అక్కడ అనాథల కోర్టని పాతకాలపు పేరు. అమ్మకం ఆగింది. మూడు వారాల తర్వాత అక్కడ వెరోనికాని బోనెక్కించారు. చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుంది. వెనక వరసలో గ్లాడిస్, పొట్టి మనిషి, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మేనల్లుడి లాయరు కుర్రవాడు, తెలివైనవాడు. కాఫీ ఒలికిన రోజు కథ కూడా ఎవరి దగ్గరో ఆరా తీసి వచ్చాడు.

"నాలుగు ప్రకటనలు చెరిగిపోతే మంచులో వెళ్లి కొత్త పేపరు కొన్నారు. ఇక్కడ పేజీకి ఇంత కన్నం ఉంటే కొనలేదు. మమ్మల్ని నమ్మమంటారు. ఎందుకు కొనలేదు?"

వెరోనికా బోను కర్ర పట్టుకుంది. ఆ సంస్థ ఇచ్చిన మాట వందేళ్లుగా తప్పలేదని గొప్పగా చెప్పుకునే పెద్దలు ఇద్దరు అక్కడే కూర్చుని ఉన్నారు.

"దాని వెనక మా ఆయన ఉన్నాడు," అంది. "చూడలేకపోయాను."

జడ్జి ఆ ముక్క అడిగి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. ట్రాము టోపీ పెట్టుకుని నవ్వుతున్న మనిషిని చూశాడు. కుర్ర లాయరు వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. వీలునామా చెల్లుతుందని ఆ సాయంత్రమే తేలిపోయింది. కోర్టు గుమాస్తా తన బల్ల దగ్గర ఆ ముక్కని తెల్ల కాగితం మీద అతికించాడు, అడిలేడ్ స్ట్రౌస్ పైకి కనిపించేలా. అంటే ఎమిల్ మొహానికి జిగురు రాశాడు. వాడి పని వాడిది. వెరోనికా అక్కడే నిలబడి అంతా చూసింది.

బయట వసారాలో గ్లాడిస్ ఆమెకి ఎదురొచ్చింది. తిడుతుందనుకుంది వెరోనికా. తిట్టినా పడాలనుకుంది.

"అయితే ఏడాదిగా మా గుమ్మానికి అడ్డం నిలబడింది మీ ఆయనన్నమాట," అంది గ్లాడిస్.

"ఆయన కాదు. నేను."

"ఊరుకో. నేనూ ఆ వారమంతా అడిలేడ్ కుర్చీ వైపు చూడకుండా దానికి వీపు పెట్టి తిన్నాను." సంచీలో చెయ్యి పెట్టి మడిచిన పేపరు తీసింది. "ఇది ఆ మంగళవారానిది, మొత్తం. అడిలేడ్ కోసం దాచాను. నాకిప్పుడు ఆమె ఇల్లుంది, కుర్చీ ఉంది. నువ్వు తీసుకో."

వెరోనికా వద్దనబోయింది. గ్లాడిస్ ఆమె కోటు జేబులో కుక్కేసి, బస్సు వెళ్లిపోతుందంటూ మెట్లు దిగి వెళ్లింది. వెరోనికా ఆ మెట్ల మీదే కూర్చుని బాగా ఏడ్చింది. ఎమిల్ పోయాక అంత ఏడవడం అదే మొదలు.

మర్నాడు ఎనిమిదింపావుకి దీపం వెలిగింది. పై అంతస్తు వాళ్లు ఏం నిర్ణయిస్తారో ఆమెకి ఇంకా తెలియదు. ముందు ఆ రోజు పేపరు చదివింది. తర్వాత పాత మంగళవారం పేపరు విప్పింది. కన్నం లేదు. స్కేలుని మొదటి పేరు కింద పెట్టి, ఒక్కో మెట్టూ దించుకుంటూ వచ్చింది. ఎమిల్ దగ్గర ఆగింది. పుట్టిన ఊరు, చర్చి, ట్రాము నడిపిన ముప్పై నాలుగేళ్లు, ప్రియమైన భార్య వెరోనికా అని తన పేరు, అన్నీ చదివింది. టోపీ కింద మొహం కూడా చూసింది. పేజీ తిప్పి, అడిలేడ్ స్ట్రౌస్ చదివింది. అర తెరిచి కార్డు సరిచూసుకుంది.

పసుపుపచ్చ చీటీ తీసి ఆ పేరు రాసింది. కింద ఆ నాటి తేదీ కాకుండా ఈ నాటి తేదీయే వేసింది. తొమ్మిది కొట్టకముందే తీసుకెళ్లి లోరిమర్ గారి బల్ల మీద పెట్టింది.