పోస్టుబాక్సు కుటుంబం

విమానం ఎక్కకుండానే విమానం మైళ్ళు వస్తాయని నాకు మొదట చెప్పినవాడు, ఒక శుక్రవారం మధ్యాహ్నం టై కట్టుకుని మా క్యాంపు మెస్సులోకి వచ్చాడు. ఆ టై చూసి కంచాల ముందు నుంచి సగంమంది లేచారు. జీతాల సంగతి చెప్పడానికి మా మేనేజరు, ముదీర్ అంటాం, పంపిన మనిషి అనుకున్నారు. ముసఫ్ఫాలో, ఐకాడ్‌లో, అంటే అబూధాబి శివారు ఫ్యాక్టరీల పేటలో, ఇనుప చట్రాలు చేసే కంపెనీ మాది. నేను స్టోర్ కీపర్ని. అప్పటికి జీతాలు ఆగి నాలుగో నెల. దుకాణంవాడు అరువు కూడా ఆపేశాడు.

"జీతాల గురించి కాదండీ, షేర్ల గురించి," అన్నాడు టై మనిషి. మనవాడే, విజయవాడవాడు.

"జీతమే లేకపాయె, షేర్లేంది సారూ? మమ్ముల అమ్ముకపోతవా ఏంది?" అన్నాడు మా గదిలోని జగిత్యాల మేస్త్రీ. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అతని చేతిలోని కాగితం మీద విమానం బొమ్మ ఉంది. ఆ రోజుల్లో విమానం బొమ్మ ఎక్కడ కనిపించినా నా ప్రాణం అటే పోయేది.

ఎందుకో చెబుతాను. అది రెండువేల ఏడు. వీసా లేకుండా తిరుగుతున్నవాళ్ళు జరిమానా, జైలు లేకుండా సొంత దేశాలకు వెళ్ళిపోవచ్చని అక్కడి సర్కారు గడువు పెట్టి క్షమాభిక్ష ప్రకటించింది. నా చెల్లెలు అలా తిరుగుతున్నవాళ్ళలో ఒకతె. అల్ ఐన్‌లో ఒక ఇంట్లో వంటకీ పిల్లల పనికీ కుదిరి, రెండేళ్ళు ఆ ప్రహరీ దాటకుండా చాకిరీ చేసి, ఒకరోజు చెత్తసంచి పారేసే నెపంతో బయటికొచ్చి మరి లోపలికి వెళ్ళలేదు. జీతం ఎప్పుడడిగినా చేత్తో కొట్టేవారట. చెప్పుతో కొట్టిన రోజు వచ్చేసింది. పాస్‌పోర్టు ఆ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరే ఉండిపోయింది. అబూధాబిలో మా జిల్లా నర్సులిద్దరు తమ గదిలో దాచారు. వాళ్ళకి వండిపెడుతూ, కిటికీ తెర తీయకుండా, ఏడాదికి పైగా అలాగే ఉంది.

ఇంటి దగ్గర దానికి పదేళ్ళ కూతురు. మొగుడు ఎప్పుడో పోయాడు. పిల్లని చూసే అత్తగారు ఆ వేసవిలోనే పోయింది. మరిది పిల్లని బడి మాన్పించి రొయ్యలు వలిచే షెడ్డులో వేస్తానంటున్నాడు. పక్కింటావిడ ఎలాగో అడ్డుపడి, పిల్లని తన దగ్గర పెట్టుకుంది. "మీ అమ్మ వచ్చేదాకానే" అని మరిది ఒప్పుకున్నాడట. మన ఎంబసీ‌వాళ్ళు పాస్‌పోర్టుకి బదులు ఔట్‌పాస్ ఇచ్చారు. ఇక కావలసింది టికెట్. టికెట్ చేతిలో ఉంటేనే ఎగ్జిట్ ముద్ర వేస్తారు. దేశంలో ఉన్న బీదాబిక్కీ అంతా ఒక్కసారే ఇంటిముఖం పట్టేసరికి, విమానంవాళ్ళు ధర ఎక్కడికో పట్టుకుపోయారు. క్షమించింది సర్కారు, సొమ్ము చేసుకున్నది వీళ్ళు.

అందుకే టై మనిషి ఎదురుగా కూర్చున్నాను. "మైలంటే దూరం కదా బాబూ. కదలకుండా ఎలా వస్తుంది?"

"ఇప్పుడన్నీ అలాగే అంకుల్. మా దగ్గర షేర్ల ఖాతా తెరిస్తే ఎయిర్‌లైన్‌వాళ్ళు మైళ్ళు ఇస్తారు. ఏ షేరూ కొననక్కర్లేదు. పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ, సంతకం. అంతే. మైళ్ళు పోగైతే టికెట్."

"ఎన్ని ఖాతాలైతే హైదరాబాద్‌కి ఒకవైపు టికెట్?"

అతను సెల్‌ఫోన్‌లో లెక్కేశాడు. "తొమ్మిది, పది ఉంటే చాలు. కానీ ఒక మనిషికి ఒక ఖాతానే అంకుల్."

"ఎవరి మైళ్ళు ఎవరి పేరు మీదైనా వేసుకోవచ్చా?"

"ఫారంలో విమానంవాళ్ళ మెంబర్ నంబర్ అని ఉంటుంది, మీకొకటి నేనే తీయిస్తాను. ఎవరి నంబరైనా రాసుకోవచ్చు."

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు నేర్చుకున్నది స్టోర్‌కి వచ్చే పెట్టెల మీదా, పాత పేపర్లలోనూ. అయినా కింద ఉన్న సన్న అక్షరాలు చదవకుండా దేనిమీదా సంతకం పెట్టను. ఒక చిరునామాకి ఒక్క బహుమతి అని అక్కడ ఉంది. అదేమిటని అడిగాను. "మీ అందరి ఊళ్ళూ వేరే కదా అంకుల్," అన్నాడు. నిజమే కదా అనిపించింది. చిరునామా అంటే ఊరే కదా మాకు. క్యాంపుకి చిరునామా ఉంటుందని మాలో ఎవరమూ ఏనాడూ అనుకోలేదు. అక్కడి ఫారంలో మాత్రం ఊరి పేరు రాసే చోటే లేదు. ఉన్నది పోస్టుబాక్సు గడి ఒకటే.

మా గదిలో పన్నెండుమందిమి. ఎప్పటినుంచో చీటీ వేసుకునేవాళ్ళం. ఎవరికి కష్టమొస్తే పాట లేకుండా వాళ్ళకే ముందు ఇచ్చేసేవాళ్ళం. జీతాలు ఆగాక చీటీ ఆగిపోయింది. ఆ రాత్రి విషయం చెప్పేసరికి జగిత్యాల మేస్త్రీ చాప మీంచి లేచి కూర్చున్నాడు.

"గిది గూడ చీటే గద కాకా. పైసల్ లేని చీటి. ఈ పారి నీది. మల్ల గిట్లాంటిది ఇంకోటి వస్తే మాది."

"నీ మైళ్ళు నాకిస్తే నీ పెళ్ళాం అడగదూ?" అన్నాను.

"మైలంటే ఏందో దానికి ఎర్కనా? నాకే ఎర్క లేదు."

పన్నెండుమందీ నా మెంబర్ నంబరే రాశారు. టై మనిషి మంచాల మధ్య కూర్చుని, మిగతా గడులన్నీ తనే చకచకా నింపేశాడు. ఒకే రోజు పన్నెండు ఖాతాలు దొరికినందుకు వాడి మొహం వెలిగిపోయింది. చాయ్ తాగి వెళ్ళాడు. నర్సుల గదికి వెళ్ళి చెల్లెలితో, "సామాను సర్దుకో," అన్నాను. 

"సర్దడానికేముంది అన్నయ్యా, ఒక్క సంచీ. నర్సమ్మ చేత పిల్లకి గౌను తెప్పించాను, సరిపోద్దో లేదో. ఎంత ఎదిగిందో ఏటో," అంది. గౌను విప్పి, తన నడుం దగ్గర పెట్టుకుని, కొంచెం పైకి జరిపి, మళ్ళీ ఇంకొంచెం పైకి జరిపింది.

పదిహేను రోజుల్లో మైళ్ళు పడతాయన్నాడు టై మనిషి. పడ్డాయి, ఒక్కరివి. నావి మాత్రమే. ముసఫ్ఫాలోని ఇంటర్నెట్ కేఫ్‌లో ఆ అంకె చూసి, కుర్రాడి చేత మళ్ళీ మళ్ళీ తెరిపించాను. ఎన్నిసార్లు చేసినా వాడి ఫోన్ మోగలేదు. గడువు దగ్గర పడుతోంది. సెలవు పెట్టి, ఛార్జీలకి మేస్త్రీ తన రేడియో అమ్మి ఇస్తే, బస్సెక్కి దుబాయ్‌లోని వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. అద్దాల మేడ. లోపల చలికి పళ్ళు కొట్టుకున్నాయి. మేనేజరు ఢిల్లీ వైపు మనిషి. మంచినీళ్ళు ఇప్పించాడు, అది మాత్రం చెప్పుకోవాలి. మాట్లాడుకున్నది హిందీలో.

"బాబా, ఇవన్నీ ఒకే ఇంటి ఖాతాలు. పన్నెండు ఫారాలకీ ఒకటే పోస్టుబాక్సు. ఇంటికి ఒక్కటే బహుమతి."

"అది కంపెనీ బాక్సు సార్. ఈ దేశంలో పోస్టుమ్యాన్ గడప దగ్గరికి రాడు కదా. క్యాంపులో వందలమందికి అదే బాక్సు."

"సిస్టమ్‌కి అది తెలియదు. పైగా అందరి మైళ్ళూ మీ ఒక్కరి నంబరుకే వేయమన్నారు. ఇంటివాళ్ళు కాకపోతే ఎవరు ఇస్తారు అలా?"

"ఇస్తారు సార్. మేం చీటీ వేసుకుంటాం." చీటీ అంటే ఏమిటో చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని నవ్వాడు.

"మీ దగ్గర దాన్ని చీటీ అంటారేమో. మా దగ్గర ఫ్రాడ్ అంటారు. నేను పైకి రాయకపోవడమే మీకు మేలు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "సార్, మీకు పోస్టుబాక్సు ఉందా?"

"ఉంది, నా సొంతం."

"మీ ఇంటావిడకి?"

"ఆమెకి వాళ్ళ ఆఫీసుది."

"అంటే ఒకే మంచం మీద పడుకునే మీ ఇద్దరికీ రెండుసార్లు వస్తాయి. పన్నెండు ఊళ్ళ నుంచి వచ్చిన మాకు ఒక్కసారి. అంతేనా?"

ఆయన మొహం గంటుపెట్టుకుని బల్లమీద గంట నొక్కాడు. "మేమంతా ఒకే కుటుంబమని మీరే అంటున్నారు కదా, ఆ మాట కాగితం మీద రాసి ముద్ర వేసి ఇవ్వండి. ఎమిగ్రేషన్‌లో చూపించి నా చెల్లెల్ని నా వీసా మీద ఎక్కించుకుంటాను," అని అరిచాను. బయట నుంచి సెక్యూరిటీ వచ్చి, "యల్లా బాబా, ఖలాస్," అని, ఇక చాలు పదమన్నట్టు నా భుజం పట్టుకున్నాడు. అతనూ ఏదో క్యాంపు మనిషే. లిఫ్ట్ దాకా తీసుకొచ్చి, ఎవరూ చూడకుండా చేయి వదిలేశాడు.

అక్కడి నుంచి విమానం కంపెనీ ఆఫీసుకి నడిచాను. ఉన్న మైళ్ళకి ఏమొస్తుందని అడిగాను. కౌంటర్‌లోని పిల్ల కంప్యూటర్ చూసి, ట్రాలీ బ్యాగు ఇవ్వగలమని చాలా మర్యాదగా చెప్పింది. చక్రాలున్న పెట్టె! ఎక్కడికి లాక్కెళ్ళమని? ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

నర్సుల్లో పెద్దావిడ తన పేరు మీద కూడా ఖాతా తెరుస్తానంది. అదీ కుదరలేదు. వాళ్ళ ఆస్పత్రి బాక్సు మీద ఎవరో డాక్టరు ముందే తెరిచేసుకున్నాడు. చీటీ లేక, జీతం లేక, మా పన్నెండుమందీ ఎంత పోగుచేసినా పావు టికెట్ కాలేదు. క్షమాభిక్ష గడువు కొన్నాళ్ళు పొడిగించారు. ఆ పొడిగింపూ అయిపోయింది. ఇక గదులు సోదా చేస్తారని, దాచినవాళ్ళకి కూడా జైలేనని పేపర్లో వేశారు. నర్సులు మమ్మల్ని ఏమీ అనలేదు. వాళ్ళు అనకపోవడం నా చెల్లెలికి మరీ భారమైంది.

"అన్నయ్యా, నేనొకటి అడుగుతాను, కేకలెయ్యకు. పోలీసులు పట్టుకుంటే ఏం చేత్తారు?"

"జైల్లో పెడతారు."

"ఆ తరవాత?"

"విమానం ఎక్కించి పంపేస్తారు."

"టికెట్ ఎవరిది?"

అది నా కంటే ముందే ఆలోచించేసింది. "కఫీల్ చేత కట్టిత్తారంట, లేపోతే ఆళ్ళే కొంటారంట. పక్క ఫ్లాట్‌లో పిల్ల చెప్పింది. నువ్వు ఇంకెవరి కాళ్ళూ పట్టుకోకు."

"ఎన్నాళ్ళు ఉంచుతారో ఎవరికి తెలుసే?"

"ఇక్కడున్నా అంతే కదా. ఇక్కడైతే ఎప్పటికీ ఎల్లను."

మరుసటి ఉదయం పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. సందు చివరే ఆగిపోయి, నా చేతిలోని సంచీ తీసుకుంది. పారిపోయినదాన్ని ఏడాదికి పైగా దాచిన లెక్కలో నేనూ నేరస్థుణ్ణే. "నువ్వు ఇటే ఉండిపో. నన్ను ఎరగనట్టు నిలబడు. ఎవరైనా అడిగితే బస్సు కోసం అని చెప్పు," అంది.

బస్సు స్టాపులో నిలబడ్డాను. అది రోడ్డు దాటింది. గేటు దగ్గర పోలీసుతో ఏదో అంది, అతను లోపలికి చూపించాడు. తలుపు దగ్గర చెప్పులు విడవబోయి, మళ్ళీ తొడుక్కుని లోపలికి వెళ్ళింది. నా వైపు తల తిప్పలేదు. వచ్చిన బస్సులన్నీ ఆగి, నా కోసం తలుపు తెరిచి, మూసుకుని వెళ్ళిపోయాయి.

ఆ తర్వాత కబురు లేదు. ఏ జైల్లో ఉందో అడగడానికి కూడా నాకు హక్కు లేదు. శుక్రవారం శుక్రవారం పక్కింటావిడ ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. ఎప్పుడు చేసినా మేనకోడలే పరుగున వచ్చి ఎత్తేది.

"అమ్మా?"

"కాదమ్మా, మావయ్యని."

ఇంకేం మాట్లాడేది కాదు. ఫోన్ పక్కింటావిడ చేతిలో పెట్టేసేది. "మరిది మళ్ళీ వచ్చెళ్ళాడండి. వచ్చే నెల నుంచి షెడ్డుకే అంటన్నాడు," అని ఆవిడ చెప్పేది. నేను ఏం చెప్పను? వస్తోంది అని చెప్పేవాణ్ణి.

చలి మొదలయ్యాక ఒక శుక్రవారం చేస్తే, ఎత్తిన గొంతు పిల్లది కాదు.

"ఎప్పుడొచ్చావే?" అన్నాను.

"నిన్న రాత్రి. విమానం మెట్ల కాడిదాకా బేడీలతోనే తీసుకొచ్చారన్నయ్యా. కిటికీ పక్క సీటు ఇచ్చారు."

"పిల్ల ఏది?"

"షెడ్డులో ఉంది. మంగళవారం నుంచి వేసేడంట. నేనొచ్చింది గురువారం. ఇప్పుడే తేవడానికి బయల్దేరుతున్నాను, ఫోన్ పెట్టెయ్యి."